పిడికెడు బియ్యంతో పాటు

పోయిన వారం ఫ్లారెన్స్‌ను మనం మదనపల్లె షెడ్డులో, కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చున్న చోట వదిలి వచ్చాం. కొత్త మందులూ వైద్య పరికరాలూ కనిపెట్టే చిన్న కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే పరిశోధన నిధితో ఆమె, హరినాథ్ కలిసి పట్టుగూళ్ల జిగురు నుంచి ఒక పలుచని పొర తీశారు. చక్కెర జబ్బు వాళ్ల పాదాలకు పడే మొండి పుండ్ల మీద కట్టే పొర అది. ఊళ్లలో దాన్ని పట్టుకట్టు అన్నారు. కుప్పం వైపు పల్లెల్లో సగం మందికి పట్టుకట్టు, సగం మందికి మామూలు గాజుగుడ్డ కట్టు ఇచ్చి, ఎవరి పుండు ఎంత మానిందో చూసే పరీక్ష ముగిసింది. దాచిపెట్టిన వివరాలు విప్పి చూస్తే రెండు వైపులా పుండ్లు ఒకే తీరుగా మానాయి. పట్టుకూ గుడ్డకూ తేడా లేదు. అది చాలదన్నట్టు, పట్టుకట్టు ఇచ్చిన వాళ్లలో ఒకాయన కాలు తీసేయాల్సిన పరిస్థితి వచ్చింది. ఆయన రూబెన్. రామకుప్పం దగ్గర ఫ్లారెన్స్ పుట్టిన ఊరిలో చర్చి సంఘ పెద్ద. ఆమె మొట్టమొదటి పొర తీసింది ఆయన మల్బరీ తోట పక్కన పండిన గూళ్లతోనే.

ఆ రూబెన్‌ను చూడటానికి ఫ్లారెన్స్ హరినాథ్ బండి వెనక కూర్చుని పుంగనూరు ఆసుపత్రికి బయలుదేరింది.

బయలుదేరే ముందు ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు యాల మే ఆడికి పోయేది? నేను కారియర్ ఎత్తుకోని పోతాండా కదా. నువ్వు నీ పని సూసుకో."

"నాకింగ పనేముంది అమ్మా."

 "చలిగా ఉండాది, తలకు గుడ్డ కట్టుకో," అని అమ్మ రూతమ్మ ఫోన్ పెట్టేసింది. ఎండాకాలం మొదలైనా అమ్మకు ఇంకా చలే. క్రిస్మస్‌కు ఫ్లారెన్స్ కొనిచ్చిన క్యాన్వాస్ బూట్లు ఇంట్లో కూడా విప్పకుండా తిరుగుతోందని పక్కింటి వాళ్లు నవ్వుకుంటున్నారు. కూతురి మీద ప్రేమ అలా చూపిస్తోందని ఫ్లారెన్స్ మురిసిపోయింది కూడా.

టమాటా లారీల వెనక దుమ్ము తింటూ పోయారు. పుంగనూరు దగ్గర పడుతుండగా హరినాథ్ నోరు విప్పాడు.

"పలకరించి వొచ్చేద్దాం. నువ్వు ఆడ ఏడవద్దు. మధ్యాన్నం సుధారాణి మేడమ్ ఫోన్ చేస్తుంది."

"ఏమని చెప్పేది?"

"ఉండేది ఉన్నట్టే చెప్పు. ఓడిపోయినామని. నేను పోయి మా నాయన దగ్గర గూళ్లు ఉడకబెట్టి దారం తీసుకుంటా కూచుంటా. ఆయప్ప ఎప్పుడో చెప్పినాడు, పట్టు చీరకు గానీ పుండుకు కాదురా అని."

సుధారాణి నిధి తరఫున పరీక్షను సమీక్షించే అధికారి. ఆమె మంచి మాట రాస్తేనే రెండో దశ నిధి వస్తుంది. లేకపోతే షెడ్డు, అందులోని యంత్రాలు, నాలుగేళ్ల చాకిరీ అన్నీ అక్కడితో సరి.

వార్డు గుమ్మం ముందు ఫ్లారెన్స్ కాళ్లు ఆగిపోయాయి. పరీక్ష నడిచినన్నాళ్లూ ఆమె ఒక్క రోగి పాదం కూడా చూడలేదు. కట్టు తయారుచేసిన మనిషి రోగుల దగ్గరికి పోకూడదని, తన మనసు తీర్పును వంచకూడదని ఆమే నియమం పెట్టుకుంది. ఇంట్లో వాళ్లే ఫోనుతో పుండు ఫొటో తీసి పంపేవారు. ఫొటోలు నలుపు తెలుపుల్లోనే. మన ప్రాంతపు పసుపు గూళ్ల రంగు జిగురుతో పాటు పొరలోకి దిగుతుంది. కట్టు విప్పినా చుట్టూ చర్మానికి ఆ బంగారు చాయ నెల రోజులైనా పోదు. రంగు కనబడితే పుండు కొలిచేవాళ్లకు ఎవరిది ఏ కట్టో తెలిసిపోతుందని అలా ఏర్పాటు చేసింది. కంపెనీ వాళ్ల బంధువులెవరూ పరీక్షలో ఉండకూడదన్నదీ ఆమె పట్టుబట్టి రాయించిన నియమమే. అమ్మ అప్పట్లో, "రేపు నాకు పుండు పడితే కూడా ఇయ్యవా?" అని అడిగితే, "నీకసలే ఇయ్యకూడదు," అని నవ్వింది.

రూబెన్ మంచం కిటికీ పక్కన ఉంది. మనిషి సగమయ్యాడు. అయినా ఆమెను చూడగానే లేవబోయాడు.

"వొచ్చినావా పాపా! సూడు, ఏనుగులు తోట తొక్కితే గవర్నమెంటోళ్లు వొచ్చి కొలుసుకోని పోతారు. అదే ఏనుగును తరమబోయి కంచె తీగ నేను తొక్కితే ఎవురూ కొలవడానికి రాలా."

"కొలిచినారు మామా. మేమే కొలిచినాం," అంది ఫ్లారెన్స్. 

"ఓహో, అవును గదా. ఎంతుండాది?"

"ఇంగా నవ్వులాటే ఈయప్పకు!" మంచం కింద కూర్చున్న దీనమ్మ లేచి వచ్చి ఫ్లారెన్స్ చెయ్యి పట్టుకుంది. రూబెన్ భార్య ఆమె. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. "పాపా, మధ్యాన్నం కోస్తారంట. డాక్టరమ్మకు నువ్వు చెప్పు. కోయొద్దని చెప్పు. నీ పట్టుకట్టు ఒక వారం కట్టి సూడమను."

"అత్తా, అన్ని నెలలు కట్టినాం కదా. మానలేదే."

దీనమ్మ నోరు తెరిచింది. మొగుడి వైపు చూసింది. మళ్లీ మూసుకుంది.

అంతలో మునిశేఖర్ ఫ్లాస్కులో టీ తీసుకుని వచ్చాడు. అదే ఊరి ఆటో డ్రైవరు. రూబెన్‌ను ఊరి నుంచి ఇక్కడికి తెచ్చింది అతనే. చెప్పులు గుమ్మం బయట విడిచి, నున్నటి గచ్చు మీద చకచకా నడిచి వచ్చి గ్లాసులు సర్దాడు. ఏడాది కిందట మడమ మీద రూపాయి బిళ్లంత పుండుతో ఆటో బ్రేకు కూడా తొక్కలేకపోయిన మనిషి అతను. పరీక్షలో అతనికి పడింది గాజుగుడ్డ. వట్టి గుడ్డతోనే పుండు పూర్తిగా మానిన వాళ్లలో మొదటి పేరు అతనిదే. రాత్రంతా ఫ్లారెన్స్‌ను కాల్చింది ఆ పేరే.

టీ అందివ్వడానికి అతను వంగాడు. మడమ గచ్చు మీద నుంచి లేచింది.

ఫ్లారెన్స్ గ్లాసు అందుకోలేదు. మానిన మచ్చ చుట్టూ, పెళ్లిలో నలుగు పెట్టి కడిగేసిన చర్మంలాగా, లేత బంగారు చాయ.

ఆమె మెల్లగా తిరిగి మంచం మీది కాలును చూసింది. నర్సు అప్పుడే కట్టు మార్చడానికి విప్పింది. నల్లబడిన వేళ్లు, ఉబ్బిన పాదం, పైకి పాకుతున్న ఎరుపు. బంగారు చాయ ఎక్కడా లేదు. పిక్క దాకా వెతికింది. లేదు.

"మునిశేఖరన్నా, ఆ మడమకు ఏం కట్టినావు?"

"మీరిచ్చిందే గదమ్మా."

"నీకిచ్చింది తెల్లగుడ్డ."

మునిశేఖర్ ఫ్లాస్కు మూత తిప్పాడు. మూత బిగుసుకున్నా ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"వాణ్ణి అడగొద్దు పాపా," అన్నాడు రూబెన్. "నన్నడుగు."

"అయితే నువ్వే చెప్పు మామా."

"చెప్పేదానికి ఏముండాది. పిడికెడు బియ్యంతో పాటే ఏసినాం."

హరినాథ్‌కు అర్థం కాలేదు. ఫ్లారెన్స్‌కు అర్థమైంది. ఆ ఊళ్లో ఏ ఇల్లాలైనా పొయ్యి మీద ఎసరు పెట్టాక, కడిగే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా గుడికి తెచ్చి పెద్ద పెట్టెలో కుమ్మరిస్తుంది. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఆ బియ్యం కొలిచి, లేనివాళ్ల ఇళ్లకు పంపుతాడు. గుడికి రాని వాళ్లకూ పంపుతాడు. ఫ్లారెన్స్ నాన్న పోయిన ఏడు, ఆ ఇంట్లో ఉడికింది ఆ పెట్టె బియ్యమే. తెచ్చి ఇచ్చింది ఈ రూబెనే.

"పట్టుకట్టు వొచ్చినోళ్లు వారానికొకటి తెచ్చి పెట్టెలో ఏసేది," అన్నాడు రూబెన్. "గుడ్డ వొచ్చినోళ్లకు అది పంచేది. నువ్వు చీటీ తీసి ఒకరికి పట్టు, ఒకరికి గుడ్డ ఇస్తివి. ఒకే వరసలో కూచున్నోళ్లు పాపా. ఒకరి ఆకులో కూర, పక్కాయన ఆకులో వట్టి అన్నం. అట్లా ఎట్ల తింటారు? నీకు తెలియక చేసినావు అనుకోని, మేము సరిచేసినాం."

"సరిచేసినారా!" హరినాథ్ గొంతు వార్డంతా వినబడింది. "పెద్దాయనా, అట్లా ఇయ్యకూడదని చెప్పలేదా మీకు? సంతకాలు పెట్టలేదా?"

"చెప్పినారప్పా. పెట్టినాం. ఆ దినం సరే అనే అనుకున్నాం. ఆదివారం ఎదురెదురుగా కూచుంటే, కుంటుకుంటా వొచ్చినోడి మొగం సూస్తే, ఆ సంతకం యాడ గుర్తుంటాది?"

"మన ఊర్లోనేనా మామా?" అంది ఫ్లారెన్స్.

"మన పాస్టరయ్య పోయే సంఘాలన్నిట్లో."

పరీక్ష జరిగిన పల్లెలన్నీ అవే.

హరినాథ్ గోడకు ఆనుకున్నాడు. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆమె భుజం పట్టుకుని ఊపాడు. "ఫ్లారెన్సూ! అంటే పని చేసింది! రెండు పక్కలా మానింది పట్టుతోనే! గుడ్డతో కాదు!"

"పని చేసింది," అంది ఆమె. "ఎవరికి చూపిస్తావు? గుడ్డ మాత్రమే కట్టుకున్నోళ్లు ఒక్కరు కూడా లేరు. దేనితో పోల్చి చెప్తావు?"

"మళ్లా చేద్దాం. మేడమ్‌ను అడుగుదాం."

"తప్పు చేసినామా పాపా?" రూబెన్ అడిగాడు. మొదటిసారి ఆయన ముఖంలో భయం కనబడింది.

ఏమని చెప్పాలి? ఆ బియ్యం తిని చదువుకున్న నోటితో తప్పని ఎలా అనాలి? ఈ పొర లోకంలో ఎన్ని లక్షల కాళ్లకు అందాలో, దానికి దారి ఈ ఊరి మంచితనమే మూసేసిందని ఎలా చెప్పాలి? ఆమె మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. అప్పుడు తట్టింది.

"పెట్టెలో ఏసేది వారానికొకటే కదా మామా. మిగతావి?"

రూబెన్ కిటికీ బయటికి చూశాడు.

"నీ కాలికి ఒక్కటన్నా కట్టుకున్నావా?"

"యాలమ్మా ఇప్పుడు అవన్నీ."

"మామా!"

"లేదు."

"అన్నీ ఎవరికిచ్చినావు?"

"అది అడగొద్దు."

"చెప్పు!" దీనమ్మ గొంతు చీరుకుపోయింది. "చెప్పు ఆ పిల్లకు! ఊరంతా నిన్ను మంచోడంటే సాలు గదా నీకు. నేను రేత్రింబగళ్లు ఆ కాలు కడిగినా. కట్టుకో, కట్టుకో అని మొత్తుకున్నా. పొద్దున కట్టుకుంటాలే, మాపటికి కట్టుకుంటాలే! ఫొటో తీసేదానికి మాత్రం కాలు చాపుతివి!"

"నోరు మూసుకో దీనా."

"ఇన్ని నెలలు మూసుకున్నా. ఏం మిగిలింది నాకు?"

డాక్టర్ భారతి లోపలికి వచ్చింది. అందరి ముఖాలూ చూసి గొంతు తగ్గించింది. ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి పోయిందని, నెత్తురులోకి ఎక్కుతోందని, మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతాడని, రేపటి దాకా ఆగితే ఆ మాట కూడా చెప్పలేనని అంది. ఒప్పుకోలు సంతకం కావాలంది. రూబెన్ పొద్దుటి నుంచి పెట్టనంటున్నాడు.

దీనమ్మ ఫ్లారెన్స్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నీ సంచీలో ఉండాయి. నాకు తెలుసు. ఒక్కటి కట్టు పాపా. ఆయప్ప కట్టుకోనే లేదని ఇప్పుడు నీకే తెలిసిపాయె. కడితే మానతాదేమో. మునిశేఖర్‌ది మానలేదా?"

సంచీలో నిజంగానే రెండు పొట్లాలున్నాయి. ఫ్లారెన్స్ చెయ్యి దానంతటదే లోపలికి పోయింది. కాగితం చప్పుడైంది. ఒక్కటి. కట్టి చూస్తే? తన చేతుల్లో పుట్టింది, అన్ని కాళ్లను నిలబెట్టింది, ఈ ఒక్క కాలును నిలబెట్టదా? ఆశ అంత దగ్గరగా వచ్చి నిలబడితే మనిషికి తెలిసినవన్నీ మసకబారతాయి. ఆమె కళ్లు నల్లబడిన వేళ్ల మీదికి పోయాయి. చచ్చిన కండను ఏ పొరా బతికించదు. అది ఆమెకు తెలిసినంతగా ఈ గదిలో ఎవరికీ తెలియదు.

చెయ్యి వట్టిగా బయటికి తీసింది.

"నీ కట్టు మీద నీకే నమ్మకం లేదా?" అంది దీనమ్మ.

"ఉంది అత్తా. అందుకే కట్టను. కడితే మీరు కోయనియ్యరు. కోయకపోతే మామ దక్కడు."

దీనమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. ఏడుపు కూడా అయిపోయినట్టుంది.

ఫ్లారెన్స్ రూబెన్ వైపు తిరిగింది. "మామా, నీ కాళ్లు పట్టుకుంటా. సంతకం పెట్టు."

రూబెన్ ఆమె వైపు తల తిప్పాడు. "పెడతా. నువ్వు నాకు ఒక మాట ఇయ్యి. నా కట్లు ఎవురికి పోయినాయో అడగొద్దు. నన్నడగొద్దు, దీన్ని అడగొద్దు, ఊర్లో ఎవుర్నీ అడగొద్దు."

"అది తెలియకపోతే మా కంపెనీ—" హరినాథ్ అడ్డం వచ్చాడు.

"అడగను మామా," అంది ఫ్లారెన్స్.

రూబెన్ పెన్ను తీసుకున్నాడు. గుడి కాగితాల మీద పెట్టినంత శ్రద్ధగా పేరంతా రాశాడు. రాసి, "ఇంగ టీ పొయ్యరా మునిశేఖరా, ఆరిపోతాండాది," అన్నాడు. ఆపరేషన్‌కు ముందు ఏమీ తాగకూడదని డాక్టర్ అంటే, "అయితే వాళ్లకు పొయ్యి," అన్నాడు.

సుధారాణి ఫోన్ వచ్చేసరికి ఫ్లారెన్స్ వార్డు వరండాలో నిలబడి ఉంది. దాచకుండా అంతా చెప్పింది. పిడికెడు బియ్యం గురించి, పెట్టె గురించి, మునిశేఖర్ మడమ మీది చాయ గురించి. రూబెన్ ఒక్క కట్టు కూడా వాడకుండా ఎవరికో ఇచ్చేశాడని కూడా చెప్పింది.  సుధారాణి ఓపికగా వింది.

"ఫ్లారెన్స్, నా సర్వీసులో ఇలాంటిది వినలేదు," అంది చివరికి. "ఈ పరీక్ష చెల్లదు. అది నేను రాయక తప్పదు. కానీ మీ పొర పనికిరాదని రాయను. కొత్త చోట, కొత్త మనుషులతో మళ్లీ పరీక్షకు సిఫార్సు చేస్తాను. కమిటీని ఒప్పించగలనని అనుకుంటున్నాను."

ఫ్లారెన్స్ స్తంభానికి ఆనుకుంది. కళ్లు మూసుకుంది. పక్కనే చెవి ఒగ్గి నిలబడిన హరినాథ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"ఒక్క విషయం మాత్రం తేలాలి," అంది సుధారాణి. "పంచుకోవడం అమాయకత్వం అంటే కమిటీ నమ్ముతుంది. కానీ ఒక రోగి నెలల తరబడి తన కట్లన్నీ ఎవరికో ఇచ్చేశాడు, ఆ రోగి కాలు పోతోంది. ఆ మనిషి ఎవరని మొదటి ప్రశ్న వస్తుంది. మీకు గానీ హరినాథ్‌కు గానీ సంబంధించిన వాళ్లు కాదు కదా? మీవాళ్లయితే ఇది పొరపాటు కాదు, దొంగతనం అంటారు. మీ మీద కేసు దాకా పోతుంది. నాకు మీ మాట చాలు. మీవాళ్లు కాదని చెప్పండి, రాసేస్తాను."

"కాదు మేడమ్" అన్న మాట ఫ్లారెన్స్ నాలుక చివర ఉంది. ఎందుకు అనకూడదు? తమ బంధువులెవరూ పరీక్షలో లేరు. ఆ నియమం పెట్టిందే తను.

వరండా చివర మెట్ల మీద అమ్మ కనబడింది. ఒక చేతిలో కారియర్, ఇంకో చెయ్యి గోడ మీద. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగుతో మెడ తుడుచుకుంది. కూతురు ఫోనులో ఉండటం చూసి పలకరించలేదు. వార్డు గుమ్మం దగ్గర కారియర్ కింద పెట్టింది. గుమ్మం ముందు వరసగా చెప్పులున్నాయి. రూతమ్మ వాటిని చూసింది, తన బూట్లను చూసుకుంది, కాసేపు అలాగే నిలబడింది. తర్వాత లోపలి నుంచి దీనమ్మ ఏడుపు వినబడింది. అంతసేపూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

రూతమ్మ వంగి, ఒక్కొక్క ముడీ విప్పి, క్యాన్వాస్ బూట్లు రెండూ విడిచింది. లోపలికి అడుగు వేసింది.

లేచిన కుడి పాదం అడుగున పుండు మచ్చ ఒకటి నున్నగా మానిపోయి ఉంది. దాని చుట్టూ, మడమ నుంచి చీలమండ దాకా, చర్మమంతా బంగారంలా మెరిసింది.

"హలో," అంది ఫోనులో సుధారాణి. "ఫ్లారెన్స్, వింటున్నారా? మీవాళ్లు కాదు కదా?"